టికిరి క్వార్టర్లలో చందా పుస్తకం

మేము కాశీపూర్ బ్లాకులో ఉంటున్నామని రాస్తే మా బంధువుల్లో సగం మంది అది కాశీ పక్క ఊరేదో అనుకునేవారు. "రోజూ గంగాస్నానమే కాబోలు, అదృష్టవంతులు" అని మా ఆడపడుచు ఒక ఉత్తరంలో రాసింది కూడా. మా కాశీపూర్‌లో గంగ లేదు. కొండలు, వాగులు, ఇప్పచెట్లు, చోడిచేలు, వేసవిలో విరగకాసే అడవి మామిళ్ళు ఉన్నాయి. పూర్వం ఉమ్మడి కోరాపుట్ జిల్లాలో ఉండేది. 1992 అక్టోబరు 2న జిల్లాను విడదీసినప్పుడు రాయగడ జిల్లాలోకి వచ్చింది. ఆ బ్లాకులోనే టికిరి అనే ఊరుంది, దానికి రైల్వే స్టేషనుంది. మావారు అక్కడ స్టేషను మాస్టరుగా పనిచేశారు. మా ప్రవాసం అదీ! సముద్రాలు దాటినవాళ్ళు చదివే పత్రికలో పార్వతీపురం దాటినవాళ్ళ కథ ఎందుకని మీకు అనిపించవచ్చు. కానీ భాష మారిన చోటల్లా దూరమే. ఆ దూరంలో మాకు చుట్టాలుగా నిలబడినవాళ్ళ గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను.

కోరాపుట్ నుంచి రాయగడకు కొండల్ని తొలిచి వేసిన రైలుమార్గం 1998 ఆఖరుకి పూర్తయింది. లెక్కలేనన్ని సొరంగాలు, వంతెనలు. మేము వెళ్ళింది ఆ మరుసటి ఏడు. కొత్త లైను, కొత్త క్వార్టర్లు, గోడల సున్నం ఇంకా చేతికి అంటుకునేది. స్టేషను దాటితే అంతా కోంధులు, ఝోడియాలు, పరజాల పల్లెలు. స్టేషను స్టాఫులో, గ్యాంగుల్లో మాత్రం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు చాలామంది ఉండేవారు. ఈ లైనంతా వాల్తేరు డివిజను కింద ఉండేది కనక అలా కుదిరింది. మిగతావారు ఒడియావాళ్ళు, కొందరు బీహారువాళ్ళు. పిల్లలందరికీ నేను మావుసీని, అంటే పిన్నిని.

యూనియను అంటే నాకు అంతకుముందు తెలిసింది జెండా, జిందాబాదు, గేటు దగ్గర మీటింగు. పుట్టింట్లో మా నాన్నగారిది కిరాణా వ్యాపారం, ఆ మాట ఎత్తితే విసుక్కునేవారు. టికిరిలో నేను చూసిన యూనియను ఒక చందా పుస్తకం. నెల నెలా కట్టే సభ్యత్వం సంగతి వేరు. ఇది ఎవరింట్లోనైనా పెద్ద కష్టం వచ్చినప్పుడు బ్రాంచి సెక్రటరీ చంకలో పెట్టుకుని బయల్దేరే రసీదు పుస్తకం. ఆయన ఒడియా మనిషి, సిగ్నల్ విభాగంలో పని. అందరూ సెక్రటరీబాబు అనే పిలిచేవారు. ఎవరు ఎంత ఇచ్చారో పైకి చదివేవాడు కాదు. రసీదు చింపి మడత పెట్టి చేతిలో పెట్టేవాడు. "ఎక్కువ ఇచ్చినవాడికి గర్వం, తక్కువ ఇచ్చినవాడికి సిగ్గు, రెండూ యూనియనుకి చేటే" అని వచ్చీరాని తెలుగులో అనేవాడు.

ఆ ఏడాది వానాకాలం వెళ్ళాక మా పక్క లైను క్వార్టర్లో ఉండే కీమనుకి జ్వరం వచ్చింది. ఆ కొండల్లో జ్వరమంటే మలేరియా, అందులోనూ మెదడుకెక్కే రకం. మూడో రోజుకి మనిషి మాట తడబడింది. విశాఖపట్నం రైల్వే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. ఆ రాత్రి రైల్లో పడుకోబెట్టడానికి మనుషులు, అక్కడ దిగాక అందుకునేందుకు మనుషులు, రక్తం కావలసివస్తే ఇచ్చేవాళ్ళు, ఇవన్నీ అరగంటలో కంట్రోలు ఫోను మీద, స్టేషను నుంచి స్టేషనుకి కబురు మీద ఏర్పాటయ్యాయి. విశాఖలో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద అయిదుగురు ఉన్నారట. వాళ్ళలో ఒక్కరూ అతన్ని అంతకుముందు చూసినవారు కారు. అయినా అతను బతకలేదు. ముప్పై నాలుగేళ్ళు. భార్య, ఇద్దరు పిల్లలు. ఆమెకి సంతకం పెట్టడమే వచ్చు, ఒడియా ముక్క రాదు.

అసలు పని అప్పుడు మొదలైంది. దినకర్మలకు చందా పోగుచేయడం అందరూ చేస్తారు, చుట్టాలూ చేస్తారు. తర్వాత వచ్చే ఆరు నెలలు ఎవరు చూస్తారు? పి.ఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్సు, కుటుంబ పింఛను, ఆ పైన కారుణ్య నియామకం కింద ఉద్యోగం. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఫారం. అన్నింటికీ ముందు పేరు కుదరాలి. మన తెలుగువాళ్ళకి పొరుగు రాష్ట్రాల్లో వచ్చే తంటా ఇది, మీలో చాలామంది పడే ఉంటారు. సర్వీసు పుస్తకంలో ఇంటిపేరు పొట్టి అక్షరమై ముందు నిలబడింది. రేషను కార్డులో ఇంటిపేరు పూర్తిగా వెనక్కి వెళ్ళింది. పిల్లల బడిలో మాస్టారు "టైటిల్ ఏమిటి?" అని అడిగితే తండ్రి తన పేరు చివరి ముక్క చెప్పాడు, దాంతో పిల్లలిద్దరికీ 'రావు' ఇంటిపేరైపోయింది. కాగితాల ప్రకారం ఒకే ఇంట్లో మూడు వంశాలు! తప్పు ఎవరిదీ కాదు. ఇంటిపేరు ముందు రాసే జాతి, వెనక రాసే జాతి ఒక చోట కలిస్తే ఇంతే.

సెక్రటరీబాబు మా వరండాలో కూర్చుని మావారి చేత మన ఇంటిపేర్ల సంగతంతా చెప్పించుకున్నాడు. "అయితే రావు అన్నది టైటిల్ కాదా? మరి ఇంతమంది రావులు ఒకరికొకరు ఏమీ కారా?" అని ఆశ్చర్యపోయాడు. తర్వాత తాసిల్దారు దగ్గర వారసత్వ ధ్రువపత్రం, మేజిస్ట్రేటు ముందు అఫిడవిట్, బడి నుంచి ఒక ఉత్తరం, అన్నీ కట్టగట్టి వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున ముందు పెట్టాడు. ఆమెను వెంటబెట్టుకుని వాల్తేరుకి మూడుసార్లు వెళ్ళాడు, ఒకసారి తన సెలవు పెట్టుకుని. ప్రతిసారీ ఆమెతో తోడుగా మా క్వార్టర్ల ఆడవాళ్ళలో ఒకరం వెళ్ళేవాళ్ళం. పింఛను వచ్చింది. ఏడాది తిరిగేలోగా ఆమెకి రాయగడలో ప్యూను ఉద్యోగమూ వచ్చింది. ఆ ఏడాదిలో ఆమె ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీ కాకుండా చూసింది మాత్రం చందా పుస్తకమే.

మా అత్తగారు అప్పుడు మాతోనే ఉండేవారు. ఇదంతా చూసి ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. మావగారు రాయగడలో గ్యాంగు మేట్. విజయనగరం నుంచి రాయపూర్ దాకా 1931లో పూర్తయిన పాత లైను మీద ఆయన సర్వీసంతా గడిచింది. 1974 మే నెలలో దేశమంతా రైల్వే సమ్మె జరిగింది కదా, ఎనిమిదో తేదీ నుంచి ఇరవై ఏడు దాకా, ఇరవై రోజులు. జార్జి ఫెర్నాండెజ్ అప్పుడు అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషనుకు అధ్యక్షుడు. వేలాదిమంది అరెస్టయ్యారు, వేలాదిమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. జనతా ప్రభుత్వం వచ్చాకే, 1977 తర్వాత, వాళ్ళు తిరిగి పనిలోకి రాగలిగారు. అడిగిన బోనసు 1979లో గాని రాలేదు. ఇవి పుస్తకాల్లో దొరికే సంగతులు. మా అత్తగారికి గుర్తున్నది వేరు. "మగాళ్ళంతా పొలాల్లో దాక్కున్నారు. ఆడోళ్ళం ఏడు గడపలోళ్ళం ఒక్క పొయ్యి మీదే వండేవోళ్ళం. ఎవులింట్లో గింజలుంటే ఆలు తెచ్చీవోళ్ళు. కులం ఏటని ఎవులూ అడగనేదు. సమ్మె అయిపోయాక మళ్ళీ ఏడు పొయ్యిలూ, ఏడు కులాలూ వచ్చీసినాయి" అనేవారు నవ్వుతూ. ఆ ఆఖరి మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇక 2001 గురించి చెప్పాలి. ఇంతవరకు చెప్పింది మా లోపలి కథ. క్వార్టర్ల ముళ్ళకంచె అవతల ఇంకో కథ నడుస్తోంది.

ఆ ఆగస్టులో కాశీపూర్ పేరు ఢిల్లీ పత్రికల్లోకెక్కింది. మా బ్లాకు పల్లెల్లో మామిడి టెంకల అంబలి తాగి ఇరవైమందికి పైగా చనిపోయారని వార్తలు. బూజు పట్టిన టెంకలు తినడం వల్ల విషమెక్కిందని ప్రభుత్వం, ఆకలి వల్లే అవి తిన్నారని మిగతావారు వాదించుకున్నారు. మన సీతంపేట, పార్వతీపురం కొండల్లోనూ టెంక అంబలి తెలియని పల్లె లేదు. టెంక పగలగొట్టి, జీడి తీసి, ఎండబెట్టి, దంచి, వగరు పోయేదాకా నీళ్ళలో నానబెట్టి కాచుకుంటారు. అది పాతకాలం నుంచీ ఉన్న తిండే. వానాకాలంలో చోళ్ళు, సామలు చేతికి రాకముందు ఇళ్ళలో గింజలుండవు. దాచిన టెంకలు తడిసి బూజు పట్టినా పారేసే స్తోమతు ఉండదు. రెండు వాదాల్లో ఏది నిజమని నన్నడిగితే, ఇంట్లో బియ్యం ఉన్నవాడు బూజు పట్టిన టెంక తినడు అనే చెబుతాను.

మా బ్రాంచి మీటింగు స్టేషను వెనక రేకుల షెడ్డులో జరిగింది. ఆడవాళ్ళం బయట అరుగు మీద కూర్చుని విన్నాం. చందా పుస్తకం పల్లెలకు తీసుకెళ్ళాలని కుర్రాళ్ళు అన్నారు. యూనియను సొమ్ము సభ్యులది, బయటివారికి ఎలా ఖర్చు పెడతారని పెద్దవాళ్ళు కొందరు అడిగారు. వాళ్ళు రాతిగుండెవాళ్ళేమీ కారు, కీమను చనిపోయినప్పుడు అందరికంటే ఎక్కువ తిరిగింది వాళ్ళే. సెక్రటరీబాబు 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం పుస్తకం తెచ్చి పదిహేనో సెక్షను చదివాడు. యూనియను నిధి దేనికి వాడవచ్చో అందులో వరసగా ఉంటుంది: సభ్యుల కోర్టు ఖర్చులు, జబ్బు, ప్రమాదం, చావు, పిల్లల చదువు వగైరా. చివర్లో, మొత్తంగా కార్మికులకు మేలు చేసే పనికి విరాళం ఇవ్వవచ్చు, అయితే అది ఏడాది ఆదాయంలో ఓ మితి దాటకూడదు అని ఉంది. "కార్మికులకు అని ఉంది, మరి వీళ్ళు కార్మికులా?" అని ఎవరో అడిగారు.

మా గ్యాంగు మేట్ ఒకాయన, పాలకొండ వైపు మనిషి, ఎప్పుడూ మీటింగులో నోరు విప్పేవాడు కాదు. ఆ రోజు లేచి నిలబడ్డాడు. "ఈ లైనుకి కంకర కొట్టిందెవులు? ఆ బోగదా కాడ మట్టి మోసిందెవులు? ఆలు కూలోలు గాకపోతే మనం ఆఫీసర్లమా?" అన్నాడు. షెడ్డులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నిజమే కదా. కొండల్లో లైను పడేటప్పుడు బయటి జిల్లాల కూలీలతోపాటు ఆ చుట్టుపక్కల పల్లెలవాళ్ళూ కంట్రాక్టర్ల కింద పనిచేశారు. లైను పూర్తయింది, కంట్రాక్టరు వెళ్ళిపోయాడు, వాళ్ళ పేరు ఏ పుస్తకంలోనూ మిగలలేదు. రైల్వేలే నేరుగా పెట్టుకున్న ప్రాజెక్టు క్యాజువల్ కూలీలకైతే 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 360 రోజులు నిండితే హోదా, ఆ తర్వాత పర్మనెంటు అయ్యే దారి దొరికింది. మా గ్యాంగుల్లో అలా వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ మేట్ కూడా అలా వచ్చినవాడే. కంట్రాక్టరు కూలీకి ఆ దారి లేదు.

చివరికి మధ్యస్థంగా తేలింది. యూనియను నిధిని ముట్టుకోకుండా వేరే రసీదు పుస్తకం అచ్చువేయించారు. లక్ష్మీపూర్ రోడ్డు, దమన్‌జోడి, సింగపూర్ రోడ్డు స్టేషన్ల నుంచి కూడా డబ్బులు, బియ్యం వచ్చాయి. తీసుకెళ్ళడం మాత్రం అనుకున్నంత సులువు కాలేదు. బాక్సైటు కంపెనీ గొడవల్లో 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు ఆదివాసులు చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఏ జీపు వచ్చినా పల్లె మొహం మాడ్చుకునేది. అందుకే జీపు వద్దని, మా గ్యాంగులోనే ఉన్న కోంధు కుర్రాడిని ముందు పెట్టుకుని కాలినడకన వెళ్ళారు. అతని భాష కువి. అదీ మన తెలుగూ ఒకే కొమ్మకు చెందిన భాషలని చదువుకున్నవాళ్ళు చెబుతారు. నాకు మాత్రం అతను మాట్లాడుతుంటే గోడ అవతల మనవాళ్ళెవరో మాట్లాడుతున్నట్టు, మాట అందీ అందనట్టు ఉండేది.

రెండోసారి నేనూ వెళ్ళాను. ఎవరికి ఎంత ఇచ్చామో పేర్లు రాయాలి కదా, లెక్క చెప్పాలి. మావారు రాస్తున్నారు. ఒక ముసలామె బియ్యం కొంగులో పోయించుకుని కదలకుండా నిలబడింది. ఏమిటని అడిగించాం. తన పేరు పుస్తకంలో ఎక్కిందా అని అడుగుతోంది. ఎక్కిందన్నారు. అయితే వచ్చే నెలా వస్తారా, ఆ పై నెలా వస్తారా అని అడిగింది. పుస్తకంలో పేరుంటే రైల్వేవాళ్ళకి నెల నెలా వస్తుందని ఆమె విన్నదట. కోంధు కుర్రాడు ఆ ప్రశ్నని మాకు తెలుగులో చెప్పి, జవాబు కోసం మా మొహాలు చూశాడు. మావారు పెన్ను మూత పెట్టి తీశారు, మళ్ళీ పెట్టారు. సెక్రటరీబాబే చెప్పాడు, మూడు నెలలు వస్తాం అని. మూడు నెలలూ వెళ్ళారు. నాలుగో నెల నుంచి వెళ్ళలేదు.

దీన్ని దయ అనాలో, బాధ్యత అనాలో, రెండింటికీ మధ్యలో ఆగిపోయిన పని అనాలో నేను తేల్చుకోలేదు. ఒకటి మాత్రం తోస్తుంది. కీమను భార్యకి దొరికినది దానం కాదు. ఆమె భర్త సభ్యుడు కనక అది ఆమెకు హక్కు. అడిగే నోరు యూనియను ఇచ్చింది. ముసలామెకి మేము బియ్యం ఇచ్చాం గాని అడిగే నోరు ఇవ్వలేకపోయాం. మూడు బస్తాల బియ్యం కంటే ఆ కంకర కూలీలకి కంట్రాక్టరు దగ్గర మస్టరు రోలులో పేరు ఎక్కించి ఉంటే ఎక్కువ మేలు జరిగేదని మావారు తర్వాత చాలాసార్లు అన్నారు. యూనియన్లు కంట్రాక్టు కూలీల మాట డిమాండ్ల పత్రంలో రాస్తూనే ఉన్నాయి. పత్రంలో దాని స్థానం ఎప్పుడూ కిందనే.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. పై సంగతులు ఫోనులో చెబుతుంటే వాళ్ళ దేశం కథ ఒకటి చెప్పింది. 1968లో మెంఫిస్ నగరంలో చెత్త ఎత్తే కార్మికులు, అందరూ దాదాపు నల్లవాళ్ళే, సమ్మె చేశారు. వానకి చెత్తలారీలో తలదాచుకున్న ఇద్దరు యంత్రంలో నలిగి చనిపోవడం దానికి నాంది. వాళ్ళ యూనియనుని నగరపాలకులు గుర్తించలేదు. మార్టిన్ లూథర్ కింగు వాళ్ళకి తోడుగా వెళ్ళి, ఏప్రిల్ 4న అక్కడే హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత రెండు వారాలకే నగరం యూనియనుని గుర్తించింది. "అక్కడ చర్చివాళ్ళు, విద్యార్థులు, ఊరంతా కార్మికులకి తోడు వచ్చారమ్మా. మీ దగ్గర కార్మికులు ఊరికి తోడు వెళ్ళారు" అంది. పిల్లకి తల్లిదండ్రుల మీద అభిమానం ఎక్కువ, మూడు నెలల సంగతి దానికి మళ్ళీ చెప్పాను.

తర్వాతి ఏళ్ళు త్వరత్వరగా గడిచాయి. 2003 ఏప్రిల్లో మా డివిజను కొత్తగా పుట్టిన ఈస్ట్ కోస్ట్ రైల్వేలోకి మారింది. మేము టికిరి నుంచి రాయగడ వచ్చాం. 2017 జూలై 16న నాగావళి పొంగి తెరువలి, సింగపూర్ రోడ్డు మధ్య రైలు వంతెనను ఊడ్చుకుపోయినప్పుడు మావారు రిటైరై ఉన్నారు, అయినా చెప్పులు వేసుకుని స్టేషనుకి పరుగెత్తారు. ఆగిపోయిన ప్రయాణికులకి అన్నం వండే చోట ఈయన ఉల్లిపాయలు తరిగారట. ఇంట్లో ఒక్కనాడు కత్తి పట్టిన మనిషి కాదు!

2024 డిసెంబరులో రైల్వేల్లో ఏ యూనియనుకి గుర్తింపు అన్నది తేల్చే రహస్య ఓటింగు జరిగింది, 2007, 2013ల తర్వాత మళ్ళీ అప్పుడే. మా అబ్బాయి ట్రాక్ మెషీన్ల మీద పనిచేస్తున్నాడు. ఓటు ఎవరికి వేశాడో తండ్రికి చెప్పలేదు. చందా పుస్తకం ఇప్పుడు లేదు, కబురు ఫోనులో వస్తుంది, డబ్బు ఫోనులోనే వెళుతుంది. ఇచ్చినవారి పేర్లు, అంకెలతో సహా, అందరికీ కనిపిస్తాయి. సెక్రటరీబాబు ఉంటే ఒప్పుకునేవాడు కాదు.

ఇప్పుడు క్వార్టర్లలో మాట్లాడుకునేది కొత్త డివిజను గురించి. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోను, రాయగడ కేంద్రంగా కొత్త డివిజను అని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. 2025 జనవరి 6న రాయగడ డివిజనుకి శంకుస్థాపన జరిగింది. ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం పాత వాల్తేరు డివిజనులో ఏ ముక్క ఎటో నిర్ణయించింది. టికిరి లైను రాయగడ వైపు, ఈస్ట్ కోస్టులోనే. విజయనగరం, విశాఖ అటు. ఒకే యూనియను గొడుగు కింద పెరిగిన ఇళ్ళు రెండు జోన్లవుతున్నాయి. సొంత ఊరు అటు, పిల్లల బడి ఇటు ఉన్నవాళ్ళు ఎటు వెళ్ళాలో తేల్చుకోలేకుండా ఉన్నారు. ప్రమోషన్ల వరస ఏమవుతుంది, విశాఖ ఆస్పత్రికి మునుపటిలా పంపుతారా అని సాయంత్రాలు మా అరుగు మీద ఒకటే చర్చ. మా అబ్బాయికి రాయగడే నయమని మావారు, విశాఖ అయితే పెళ్ళి సంబంధాలు వస్తాయని నేను.

ఆ కీమను భార్య వచ్చే ఏడాది రిటైరవుతుంది. ఇన్నేళ్ళలో ఒడియా గలగలా మాట్లాడుతుంది. కూతురు నర్సు, కొడుకు ఒక కంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. కొడుకు దగ్గర కూలీల మస్టరు ఉంటుంది కదా, అందులో ఆడవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయో లేదో చూడమని ఆమె అతన్ని వారం వారం అడుగుతుందట. పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చి పింఛను కాగితాలు మావారి ముందు పెట్టింది. ఈయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీలోనే ఆగిపోయారు. ఇంటిపేరు ఒకచోట ముందుంది, ఇంకోచోట వెనక ఉంది.